ఎంసీబీ పడలేదు, మోటారు కాలింది: చిన్న షెడ్డుకు ఏ రక్షణ కొనాలి?

ప్రశ్న: మాది తణుకు పక్కన చిన్న వడ్రంగి షెడ్డు. రంపం, చిత్రిక రెండూ ఉన్న మిషన్‌ని 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారుతో నడుపుతున్నాను. ఏడాది తిరక్కుండా రెండుసార్లు వైండింగ్ కాలిపోయింది. 16 ఆంప్స్ ఎంసీబీ ఉంది. రెండుసార్లూ అది పడలేదు. వైండింగ్ చేసే ఆయన దాన్ని తీసేసి 10 ఆంప్స్‌ది వేయమంటున్నాడు. కరెంటు సామాన్ల షాపులో స్టార్టర్ తీసుకోమన్నారు. మా బావమరిది ఫోన్‌లో ఎంపీసీబీ అని చూపించి అదే మంచిదంటున్నాడు. మోటారు నేమ్ ప్లేట్ మీద 230 వోల్టులు, 9.8 ఆంప్స్, 1440 ఆర్‌పీఎం అని ఉంది. మీటరు నుంచి షెడ్డుకు 40 మీటర్ల దూరం. సాయంత్రమైతే వోల్టేజి బాగా పడిపోతుంది. ఏది కొనాలి? స్టెబిలైజర్ కూడా పెట్టాలా?

సమాధానం: షాపువాళ్లు చెప్పిందే సరైనది. కాంటాక్టరూ (కాయిల్‌కు కరెంటు ఉన్నంతసేపే మోటారు లైనును కలిపి ఉంచే స్విచ్చు), ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే పసిగట్టేది) రెండూ ఉన్న డీఓఎల్ స్టార్టర్, అంటే మోటారును నేరుగా లైనుకు కలిపే రకం, తీసుకోండి. 16 ఆంప్స్ ఎంసీబీని, అంటే కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే ఆ స్విచ్చును మాత్రం పీకేయకండి, దాని పని దానికుంది. అయితే స్టార్టర్ బిగించాక మోటారు ఇక కాలదని అనుకుంటే పొరపాటే. ఏడాదిలో రెండుసార్లు కాలిందంటే వెనక ఒక కారణం ఉంటుంది. మీ ఉత్తరంలో నాకు రెండు మూడు కనిపిస్తున్నాయి, వాటి గురించి తర్వాత చెబుతాను.

ముందు ఎంసీబీ ఎందుకు పడలేదో చూద్దాం. అది పాడైపోయిందేమోనని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. బహుశా బాగానే ఉంది. ఇళ్లలో వాడే ఎంసీబీలకు ఐఎస్/ఐఈసీ 60898 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం రేటింగుకు 1.13 రెట్ల కరెంటు గంటసేపు పారినా ఎంసీబీ పడకూడదు. 1.45 రెట్లు పారితే గంటలోపు పడాలి. మీ 16 ఆంప్స్ ఎంసీబీకి ఈ లెక్క కడితే 18 ఆంప్స్ దాకా గంటసేపు కదలకుండా కూర్చునే హక్కు దానికుంది. 23 ఆంప్స్ పారినా పడటానికి గంట దాకా టైం తీసుకోవచ్చు. మీ మోటారు తట్టుకునేదేమో 9.8.

వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గట్టి తుమ్మ మొద్దును మొద్దుబారిన రంపంతో కోస్తున్నప్పుడు మోటారు 15 ఆంప్స్ లాగిందనుకోండి. కరెంటు ఒకటిన్నర రెట్లు పెరిగితే వేడి రెండింతలు దాటిపోతుంది. 18 ఆంప్స్ దగ్గర మూడింతలు మించుతుంది. తీగ మీది వార్నిష్, ఇన్సులేషన్ కాగితం తట్టుకునే వేడికి ఒక హద్దు ఉంది. నేమ్ ప్లేట్ మీద క్లాస్ బి అని ఉంటే 130 డిగ్రీలు, క్లాస్ ఎఫ్ అయితే 155. ఆ హద్దు మీద ప్రతి 10 డిగ్రీలకూ ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని మోటార్ల వాళ్లు చాలాకాలంగా చెప్పే లెక్క. అంతసేపూ ఎంసీబీ నిశ్చింతగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని పెట్టింది గోడలోని వైరు కాలకుండా చూడటానికి. ఆ పని అది సరిగ్గానే చేసింది. మోటారు వేడి చూసే పని దానికి ఎవరూ అప్పగించలేదు.

మరి 10 ఆంప్స్ ఎంసీబీ వేస్తే? వైండింగ్ ఆయన ఉద్దేశం మంచిదే, కానీ ఆ దారిలో రెండు చిక్కులున్నాయి. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఆరు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లాగుతుంది. మీకు అది దాదాపు 60 ఆంప్స్. సి రకం ఎంసీబీ తన రేటింగుకు 5 నుంచి 10 రెట్ల మధ్య ఎక్కడైనా తక్షణం పడిపోవచ్చు. అంటే 10 ఆంప్స్‌ది 50 దగ్గరే పడినా తప్పు పట్టలేం. బటన్ నొక్కినప్పుడల్లా పడుతుంటే రెండో రోజే మీరు దాన్ని తీసి పాతదే పెట్టేస్తారు. ఇక స్టార్టింగ్ దాటిపోయిందే అనుకోండి, 14 ఆంప్స్ దగ్గర అది పడటానికి గంట దాకా పట్టవచ్చు. బి రకం ఇంకా తొందరగా, 3 నుంచి 5 రెట్ల మధ్యలోనే పడుతుంది కాబట్టి మోటారుకు దాన్ని తలుచుకోనక్కర్లేదు. డి రకం 10 నుంచి 20 రెట్లు తట్టుకుంటుంది కాబట్టి స్టార్టింగ్‌లో పడదు. అయినా దాని థర్మల్ భాగం కూడా ఇదే లెక్కతో పనిచేస్తుంది. ఏ అక్షరం ఎంచుకున్నా ఎంసీబీకి మోటారు ఆంప్స్ ఎంతో చెప్పే వీలు లేదు. దాని మీద తిప్పే డయల్ ఉండదు.

ఓవర్‌లోడ్ రిలే మీద ఆ డయల్ ఉంటుంది. లోపల మూడు బైమెటల్ పట్టీలు (రెండు లోహాలను అతికించి చేసినవి) ఉంటాయి. మోటారు కరెంటు వాటి గుండా పారి వాటిని కూడా వేడెక్కిస్తుంది. అవి వంగుతాయి. వంపు ఒక మేర దాటగానే లోపలి చిన్న కాంటాక్టు తెరుచుకుంటుంది. దీనికి ఐఎస్/ఐఈసీ 60947-4-1 ప్రమాణం. డయల్ మీద పెట్టిన కరెంటుకు 1.05 రెట్ల దగ్గర పడకూడదు. 1.2 రెట్ల దగ్గర రెండు గంటల్లోపు పడాలి. వేడెక్కి నడుస్తున్న మోటారు 1.5 రెట్లు లాగితే క్లాస్ 10 రిలే నాలుగు నిమిషాల్లోపు పడాలి. చక్రం బిగుసుకుపోయి 7.2 రెట్లు లాగితే 4 నుంచి 10 సెకన్ల మధ్య పడాలి. మీ 9.8 ఆంప్స్‌కు చూస్తే దాదాపు 15 ఆంప్స్ దగ్గర నాలుగు నిమిషాల్లోపు మిషన్ ఆగిపోతుంది. అదే కరెంటుకు మీ ఎంసీబీ అసలు పడనే పడదు.

రిలే తనంతట తాను మోటారు కరెంటును తెంపదు. ఇది చాలామందికి తెలియదు. దాని మీద 95, 96 అని రాసి ఉన్న రెండు స్క్రూలు కాంటాక్టర్ కాయిల్ లైనులో ఉండాలి. రిలే పడితే కాయిల్‌కు కరెంటు ఆగుతుంది, కాంటాక్టర్ వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. ఎవరైనా హడావిడిగా వైరింగ్ చేసి 95-96ని వదిలేస్తే రిలే టిక్కుమంటుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి బిగించిన రోజే మోటారు నడుస్తుండగా రిలే మీది టెస్ట్ బటన్ నొక్కించి చూడండి. మోటారు ఆగాలి. ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌ని షెడ్డు దాటనివ్వకండి.

మీ బావమరిది చూపించిన ఎంపీసీబీ కూడా మంచి సరుకే. ఎంసీబీ, ఓవర్‌లోడ్ రిలే రెండూ ఒకే పెట్టెలో ఉన్నట్టు అనుకోండి. ఆంప్స్ డయల్ ఉంటుంది, షార్ట్ సర్క్యూట్‌నీ అదే చూసుకుంటుంది. నీళ్ల పంపుకో, ఎగ్జాస్ట్ ఫ్యానుకో అయితే నేను కూడా అదే చెప్పేవాణ్ణి. మీ రంపానికి మాత్రం వద్దంటాను. కరెంటు పోయిందనుకోండి. ఎంపీసీబీ ఆన్‌లోనే ఉంటుంది. మీరు రంపం పళ్ల మధ్య ఇరుక్కున్న చెక్క ముక్కను తీస్తుంటే కరెంటు వస్తుంది, రంపం తిరుగుతుంది. స్టార్టర్‌లో కరెంటు పోగానే కాంటాక్టర్ వదిలేస్తుంది, తిరిగొచ్చినా మీరు పచ్చ బటన్ నొక్కేదాకా ఏమీ కదలదు. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో వడ్రంగి మిషన్‌కు ఇది ఓవర్‌లోడ్ రక్షణ కంటే కూడా పెద్ద విషయం. ఎంపీసీబీకి అండర్ వోల్టేజ్ రిలీజ్ అని విడిగా తగిలిస్తే ఇదే పని చేస్తుంది. కానీ అది ఆర్డరు పెట్టి తెప్పించుకోవాల్సిన సరుకు, ఖర్చు కూడా పెరుగుతుంది.

ఇప్పుడు కౌంటర్ దగ్గర ఏం అడగాలో చెబుతాను. అక్కడ జరిగే పొరపాట్లే ఎక్కువ.

"2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ స్టార్టర్" అంటే మీ వైపు షాపుల్లో చాలామంది బోరు మోటారు ప్యానెల్ తీసి చేతిలో పెడతారు. వోల్టు మీటరు, ఆంప్ మీటరు, లోపల రెండు కండెన్సర్లు ఉన్న పెట్టె. అది మీకు పనికిరాదు. సబ్‌మెర్సిబుల్ మోటారు బావిలో ఉంటుంది కాబట్టి దాని కండెన్సర్లు పైన ప్యానెల్లో పెడతారు. మీ మోటారుకు కండెన్సర్లు దాని వీపు మీదే ఉన్నాయి. "కండెన్సర్ లేని డీఓఎల్ స్టార్టర్, కాయిల్ 230 వోల్టులు" అని అడగండి. కాయిల్ మాట తప్పకుండా చెప్పాలి. త్రీ ఫేజ్ స్టార్టర్లు ఎక్కువగా 415 వోల్టుల కాయిల్‌తో వస్తాయి. అది 230కి తగిలిస్తే కాంటాక్టర్ సరిగ్గా పట్టదు, గరగరలాడి కాయిల్ కాలిపోతుంది. కాంటాక్టర్ మీద ఏసీ-3 అని రాసే రేటింగు (మోటార్లకు చూడాల్సింది అదే) 12 ఆంప్స్‌కు తగ్గకూడదు. 16, 18 ఉంటే ఇంకా మంచిది. పాయింట్లు ఎక్కువకాలం నిలుస్తాయి.

పెట్టె మీద "2 హెచ్‌పీ" అని ఉన్నంత మాత్రాన మీకు సరిపోదు. త్రీ ఫేజులో 2 హెచ్‌పీ మోటారు మూడున్నర ఆంప్స్ లోపే లాగుతుంది, అందువల్ల ఆ స్టార్టర్లో రిలే 2.5 నుంచి 4 దాకానో, ఆ చుట్టుపక్కలో ఉంటుంది. మీ 9.8కి అది మొదటి నిమిషంలోనే పడిపోతుంది. హెచ్‌పీని పక్కన పెట్టి ఆంప్స్ చెప్పి కొనండి.

రిలే రేంజి విషయంలో మీ మోటారు ఒక విచిత్రమైన చోట పడింది. కంపెనీని బట్టి రేంజులు మారుతుంటాయి కానీ ఎక్కువగా దొరికేవి 6-10, 9-14. మీ 9.8 రెండింట్లోనూ ఉంది. మామూలుగా అయితే కరెంటు డయల్ మధ్యలో పడే రేంజి తీసుకోమంటారు. మీకు నేను 6-10 తీసుకోమంటాను. దానికి రెండు కారణాలు. మీ మోటారు అసలు పనిలో ఎనిమిదో, ఎనిమిదిన్నరో లాగుతుందని తేలితే డయల్‌ని అక్కడికి దించుకోవచ్చు. 9-14లో ఆ వీలు లేదు. రెండోది మనిషి స్వభావం. పెళ్లి మంచాల ఆర్డరు రేపు ఇవ్వాల్సి ఉండగా రిలే మాటిమాటికీ పడుతుంటే ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పెట్టి డయల్‌ని చివరిదాకా తిప్పేస్తారు. 6-10లో ఆ చివర 10 దగ్గరే ఆగుతుంది. 9-14లో 14 దాకా పోతుంది, అంటే వేడి రెండింతలు.

బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌కి చెప్పాల్సినది ఒకటుంది. రిలేలో మూడు దారులుంటాయి, మీకున్నవి ఫేజు, న్యూట్రల్ రెండే. ఒక దారిని ఖాళీగా వదిలేస్తే, ఫేజు పోయినట్టు పసిగట్టే రకం రిలే అయితే అది తొందరపడి పడిపోతుంటుంది. అందుకని ఒక వైరును రెండు దారుల గుండా వరసగా తిప్పి, రెండో వైరును మూడో దారి గుండా పంపాలి. మూడు పట్టీలూ సమానంగా వేడెక్కుతాయి. స్టార్టర్‌తో వచ్చే కాగితంలో ఈ బొమ్మ ఉంటుంది. కాగితాన్ని పారేయకండి.

రిలే మీద చేతితో రీసెట్, తనంతట రీసెట్ అని రెండు పద్ధతులకు చిన్న మీట ఉంటుంది. చేతితో పెట్టే దానిమీదే ఉంచండి. తనంతట రీసెట్ అయ్యేలా పెట్టి, బటన్లకు బదులు మామూలు స్విచ్చుతో నడిపితే, పడిన రిలే చల్లారగానే రంపం తనంతట తిరగడం మొదలెడుతుంది. ఆఫ్ బటన్ మీరు నిలబడి తోసే చోటు నుంచి అందాలి. వీలైతే పెద్ద ఎర్ర పుట్టగొడుగు బటన్ పెట్టించుకోండి, మోకాలితో నొక్కినా ఆగేలా.

డయల్ ఎక్కడ పెట్టాలంటే, మొదట నేమ్ ప్లేట్ మీద ఉన్న 9.8 మీద. పాతిక శాతం కలిపి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, మన దగ్గర దొరికే రిలేల డయల్ మీద మోటారు పూర్తి లోడు కరెంటునే పెడతారు, మిగతా వెసులుబాటు రిలే లోపలే ఉంది. తర్వాత టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) చూడాలి. ఫేజు వైరు ఒక్కదాన్నే దాని దవడల మధ్య పట్టించి చూడాలి, కేబులు మొత్తాన్ని పట్టిస్తే పోయేది వచ్చేది కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. మిషన్ ఖాళీగా తిరుగుతున్నప్పటి రీడింగు చూసి మోసపోకండి. సింగిల్ ఫేజ్ మోటారు ఖాళీగానే పూర్తి కరెంటులో సగానికి పైగా లాగుతుంటుంది. రోజూ కోసే కలపను, రోజూ తోసే వేగంతో కోయించి అప్పుడు చూడండి. 9 లోపు ఉంటే డయల్‌ని ఆ రీడింగుకు కాస్త పైన, 9 దగ్గర పెట్టుకోండి. 11, 12 చూపిస్తే రిలే పడటం దాని తప్పు కాదు, మిషన్ మోటారుకు మించి పని అడుగుతోంది. రంపం పదును పెట్టించాలి, చిత్రిక ఒకేసారి లోతుగా పట్టకూడదు, బెల్టు బిగువు చూడాలి, బేరింగులు చేత్తో తిప్పి చూడాలి. అన్నీ చూశాక కూడా తగ్గకపోతే మీకు కావాల్సింది 3 హెచ్‌పీ మోటారు.

ఒక విషయం. ఈ మోటారు ఇప్పటికే రెండుసార్లు రీవైండింగ్ అయ్యింది. చుట్లు తగ్గించినా, తీగ గేజు మార్చినా నేమ్ ప్లేట్ మీది 9.8 ఇక ఆ మోటారుది కాదు. వైండింగ్ ఆయనని పాత చుట్లూ, పాత గేజే వేశాడా అని అడగండి. అలాగే రెండుసార్లూ ఏ చుట్ట కాలిందో కూడా అడగండి. ఈ జవాబు చాలా విలువైనది. మెయిన్ చుట్ట మొత్తం నల్లబడి ఉంటే అది లోడు వల్లో, తక్కువ వోల్టేజి వల్లో. సన్న తీగ ఉండే స్టార్టింగ్ చుట్ట మాత్రమే కాలి, మెయిన్ బాగుంటే నేరం సెంట్రిఫ్యూగల్ స్విచ్చుది. మోటారు వేగం అందుకోగానే ఆ స్విచ్చు విడిపోయి స్టార్టింగ్ చుట్టను తప్పించాలి. మీ షెడ్డులో రంపపు పొట్టు సన్నగా లోపలికి చేరి స్విచ్చు పాయింట్లు అతుక్కుపోతే సెకను పని కోసం చుట్టిన తీగలో కరెంటు నిమిషాల తరబడి పారుతుంది. వోల్టేజి తగ్గి మోటారు వేగం అందుకోలేకపోయినా ఇదే జరుగుతుంది. రిలేకు ఈ అదనపు కరెంటు కనిపించి పడవచ్చు, కానీ ఆ సన్న తీగ అంతకంటే ముందే కాలిపోయే అవకాశమూ ఉంది. ఈసారి వైండింగ్‌తో పాటు స్విచ్చును కొత్తది వేయించి, కండెన్సర్లను కొలిపించండి. రన్నింగ్ కండెన్సర్ బలహీనపడితే మోటారు మూలుగుతూ ఎక్కువ కరెంటు లాగుతుంది. కండెన్సర్ మీద చెయ్యి వేసే ముందు దాన్ని డిశ్చార్జి చేయాలి, కరెంటు తీసేశాక కూడా అది షాక్ కొట్టగలదు.

రిలే చూసేది కరెంటునే, మోటారు ఒంటి వేడిని కాదు. వెనక ఫ్యాను కవరు నిండా పొట్టు పేరుకుపోతే కరెంటు 9 ఆంప్సే ఉంటుంది, రిలే ఊరుకుంటుంది, మోటారు మాత్రం గాలి ఆడక ఉడికిపోతుంది. పదే పదే ఆపి స్టార్ట్ చేసినా ఇలాగే లోపలి వేడి తీరదు. దీనికి విరుగుడు థర్మల్ ప్రొటెక్టర్. బటన్ బిళ్ల అంత ఉంటుంది, వైండింగ్ చుట్టేటప్పుడే చుట్టల మధ్య కట్టేస్తారు. నిర్ణీత డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. దాని రెండు వైర్లనూ బయటికి తెచ్చి 95-96తో వరసలో కాయిల్ లైనులో కలిపితే, కరెంటు ఎంతున్నా చుట్ట వేడెక్కగానే మిషన్ ఆగుతుంది. మోటారు ఇంకా విప్పి వైండింగ్ బల్ల మీదే ఉంటే, ఇంతకంటే చవకగా దాన్ని పెట్టించుకునే సమయం మళ్లీ రాదు. క్లాస్ బి ఇన్సులేషన్ అయితే 120, ఎఫ్ అయితే 140 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకునేది అడగండి. నన్నడిగితే పొట్టు ఎగిరే మీ షెడ్డులో రిలేతో పాటు ఇది కూడా ఉండి తీరాలి. వారానికోసారి ఫ్యాను కవరును బ్లోయర్‌తో ఊదించడం మాత్రం మీ పనే.

ఇక వైరు సంగతి. నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. మీటరు నుంచి షెడ్డుకు ఏ వైరు వేశారో మీరు రాయలేదు. ఇలాంటి చోట్ల ఎక్కువగా కనిపించేది 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం). ఆ రాగి వైరుకు కిలోమీటరుకు 12.1 ఓమ్స్ నిరోధం. మీకు పోనూ రానూ 80 మీటర్లు, అంటే దాదాపు ఒక ఓమ్. మోటారు నడుస్తున్నప్పుడు 10 ఆంప్స్‌కు 10 వోల్టులు దారిలోనే పోతాయి. అది పర్వాలేదు. స్టార్టింగ్‌లో 60 ఆంప్స్ లాగబోతే దాదాపు 58 వోల్టులు పోతాయి. సాయంత్రం మీటరు దగ్గర 200 ఉందనుకుంటే మోటారుకు అందేది 140 చిల్లర. టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 140 అంటే 230లో పదింట ఆరు పాళ్లు. తిప్పే బలం మామూలు స్టార్టింగ్ బలంలో మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. మోటారు రంపాన్ని వేగానికి తేలేక మూలుగుతూ స్టార్టింగ్ చుట్టను కాలుస్తుంది. అదే 4 స్క్వేర్ వైరు వేస్తే కిలోమీటరుకు 4.6 ఓమ్స్ చొప్పున 80 మీటర్లకు 0.37 ఓమ్, స్టార్టింగ్‌లో పోయేది 22 వోల్టులే. ఒకసారి పెట్టే ఖర్చు, ఒక రీవైండింగ్ కూలీతో పోల్చి చూసుకోండి. మీ 16 ఆంప్స్ ఎంసీబీ ఆ వైరు మొదట్లో, మీటరు పక్కన ఉండాలి. మోటారు పక్కనే ఉంటే దాని ముందున్న 40 మీటర్ల వైరుకు కాపలా ఎవరూ లేనట్టే. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), సరైన ఎర్త్ కూడా ఉండాలి. వాటికీ ఓవర్‌లోడ్‌కూ సంబంధం లేదు, మీ ప్రాణానికి ఉంది.

త్రీ ఫేజు మోటార్లున్న పాఠకులకు ఒక్క మాట. మీకు ఎక్కువగా కాల్చేది ఒక ఫేజు పోవడం. విప్పి చూసినప్పుడు స్టార్ కనెక్షన్ మోటారులో మూడింట్లో రెండు ఫేజుల చుట్టలు నల్లబడి ఒకటి కొత్తదానిలా ఉంటే, డెల్టా అయితే ఒక్కటే నల్లబడి రెండు బాగుంటే, ఓవర్‌లోడ్‌ని తిట్టుకోకండి, ఫేజు పోయింది. ఫేజు పోవడాన్ని పసిగట్టే రిలే, లేదా దానికి తోడు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టుకోవాలి. తణుకు మిత్రుడికి త్రీ ఫేజు కనెక్షన్ తీసుకునే వీలుంటే, ఈ మోటారు మూడోసారి కాలేదాకా ఆగకుండా దాన్నే చూసుకోమంటాను. కండెన్సరూ, స్విచ్చూ లేని మోటారులో పాడయ్యేవి తక్కువ.

రిలే పడినప్పుడు వెంటనే రీసెట్ కాదు. పట్టీలు చల్లారడానికి కొన్ని నిమిషాలు కావాలి. మోటారు చల్లారడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. రిలే రీసెట్ అయినంత మాత్రాన మోటారు సిద్ధంగా ఉందని కాదు. ఆ విరామంలో ఎంసీబీ ఆపేసి, రంపం చేత్తో తిప్పి బిగువు చూడండి. రోజుకు ఒకసారికి మించి పడుతుంటే డయల్ జోలికి వెళ్లకుండా టాంగ్ టెస్టర్ పట్టుకోండి.

చివరిగా స్టెబిలైజర్. ఇప్పుడే వద్దు. స్టార్టింగ్‌లో 60 ఆంప్స్, 230 వోల్టులు అంటే ఆ సెకనులో దాదాపు 14 కేవీఏ. షాపులో 2 హెచ్‌పీకి సరిపోతుందని ఇచ్చే 3 కేవీఏ స్టెబిలైజర్ ఆ క్షణంలో వోల్టేజిని నిలబెట్టలేదు, అదే ఇంకో అడ్డు అవుతుంది. ఆ స్టార్టింగ్‌కు తగ్గ పెద్దది పెడితే ధర మోటారును మించిపోతుంది. ముందు వైరు మార్చండి. మార్చాక సాయంత్రం ఏడింటికి, మిషన్ ఆపి ఉన్నప్పుడూ కోస్తున్నప్పుడూ షెడ్డులో వోల్టేజి ఎంతుందో చూసి, అదే టైంలో మీటరు దగ్గరా చూడండి. మీటరు దగ్గరే 200 లోపు ఉంటే అది మీ వైరింగ్‌తో తీరేది కాదు, లైన్‌మన్ దగ్గర రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ట్రాన్స్‌ఫార్మర్ లోడు చూడమని అడగాలి. అప్పటిదాకా గట్టి కలపను పొద్దున కోసుకుని, సాయంత్రానికి చిత్రిక పనులు పెట్టుకోండి. ఆ నాలుగు రీడింగులూ, ఏ చుట్ట కాలిందో వైండింగ్ ఆయన చెప్పిన జవాబూ రాసి పంపిస్తే మిగతాది మళ్లీ చూద్దాం.